వండిన చేతికి వాటా

ఇషా నమాజు ముగిసి మస్జిదు నుంచి జనం బయటికి వచ్చే వేళకు ఉయ్యూరులో బందరు రోడ్డు పొడవునా పొయ్యిలు మండుతూ ఉంటాయి. ఒకచోట పెనం మీద పరాఠాలు కాలుతుంటాయి. మరొకచోట బిర్యానీ డేగీ మూత తీస్తారు. ఆ పక్కనే కర్రీ పాయింటు ముందు పప్పు, పులుసు, వేపుడు పొట్లాల కోసం జనం వేచి ఉంటారు. అదే వేళకు వీధి లోపలి ఇళ్ళలో అన్నం ఉడుకుతూ ఉంటుంది. ఇంటి భోజనమా, హోటలు భోజనమా అనే చర్చ మన కుటుంబాల్లో ఈమధ్య తరచుగా వినవస్తున్నది. హోటలు రుచి మరిగిన ఇంట బర్కత్ నిలవదని పెద్దలు అంటున్నారు. నెలకొకసారి బయట తిన్నంత మాత్రాన కొంపలేమీ మునగవని యువకులు అంటున్నారు. ఇరు పక్షాలవారూ ధర్మాన్నే సాక్ష్యానికి పిలుస్తున్నారు.

ఈ తగవులో మేము ఏ పక్షమూ వహించదలచుకోలేదు. ఎందుకంటే, భోజనం ఎక్కడ జరిగింది అన్నదానికంటే ముందుగా అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ భోజనం వండిన చేతికి అందులో వాటా దక్కిందా? ధర్మం మనల్ని ముందుగా నిలదీసేది ఈ ప్రశ్నతోనే అని మా అవగాహన.

పారసీక పొరుగువాని ఆహ్వానం

మదీనాలో దైవప్రవక్త (స) వారి పొరుగున ఒక పారసీకుడు ఉండేవాడు. మాంసరసం రుచిగా వండడంలో అతడు నేర్పరి. ఒకనాడు ప్రవక్త (స) కోసం ప్రత్యేకంగా వండి, స్వయంగా వచ్చి భోజనానికి పిలిచాడు. ఆయన హజ్రత్ ఆయిషా (రజి)ని ఉద్దేశించి, ఈమెకు కూడా ఆహ్వానం ఉందా అని అడిగారు. లేదన్నాడతను. అయితే తానూ రానన్నారు ప్రవక్త (స). అతడు మళ్ళీ పిలిచాడు. మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. మూడవసారి అతడు ఆమెను కూడా రమ్మన్నాడు. అప్పుడు ఇద్దరూ లేచి, ఒకరి వెంట ఒకరు నడిచి అతని ఇంటికి వెళ్ళారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది.

పిలిచినవారి ఇంటికి వెళ్ళడం విశ్వాసి బాధ్యత అని మనకు నేర్పినవారే ఆయన. ఒక దర్జీ బార్లీ రొట్టె, సొరకాయ వేసిన మాంసరసం పెడితే వెళ్ళి, పళ్ళెంలోని సొరకాయ ముక్కలను వెతికి వెతికి ఇష్టంగా ఆరగించినవారు. అటువంటి మహనీయులు పొరుగువాని పిలుపును రెండుసార్లు ఎందుకు కాదన్నారు? సహీహ్ ముస్లింకు వ్యాఖ్యానం రాసిన 13వ శతాబ్ది పండితులు ఇమామ్ నవవీ (రహ్మ) దీనికి చెప్పిన కారణం మన మనసుల్లో నాటుకోవలసినది. ఇంట్లో ఆమెను వదిలి తానొక్కరే మంచి భోజనం చేయడం ఆయనకు ఇష్టం లేకపోయింది. జీవిత భాగస్వామితో మెలగవలసిన చక్కని తీరు ఇదేనని ఆయన వివరించారు.

ఈ హదీసును ఎదురుగా పెట్టుకుని మన ఊరి హోటలు బల్లల వైపు ఒకసారి చూద్దాం. పని ముగించుకున్న నలుగురు మిత్రులు బిర్యానీ ముందు కూర్చున్నారు. అందులో తప్పేమీ లేదు. స్నేహితులతో కలిసి తినడం కూడా దివ్యఖుర్ఆన్ అనుమతించిన సంతోషమే. అయితే ఆ నలుగురిలో ఒకరి ఇంట భార్య అన్నం, పప్పుచారు వండి, మూతలు పెట్టి ఎదురుచూస్తూ ఉంది. పదిన్నరకు అతడు వచ్చి ‘నేను తినేశాను’ అంటాడు. ఆ రెండు మాటలు విన్న తరువాత ఆమె చల్లారిన అన్నం ముందు ఒంటరిగా కూర్చోవాలి. ఇది ఏడాదికొకసారి జరిగితే ఎవరూ పట్టించుకోరు. వారానికి రెండుసార్లు జరుగుతూ, ఆమె మాత్రం పెళ్ళయినప్పటి నుంచీ హోటలు గడప తొక్కలేదంటే, ‘ఈమెకు కూడానా?’ అనే ప్రశ్న ఆ ఇంట ఎవరూ అడగలేదని అర్థం. ఆ ప్రశ్న అడగడమే ఇక్కడ సున్నత్.

అమ్మీ ఎప్పుడు తింటుంది?

ఇక ఇంటి భోజనం వైపు వద్దాం. హోటలును నిందించేవారు సాధారణంగా ఇంటి భోజనాన్ని కొనియాడతారు. ఆ మెప్పులో నిజం ఉంది. కృష్ణా నీటితో పండిన డెల్టా బియ్యం, కాలువ గట్టు మీద పెరిగిన ఆకుకూరలు, చేపల పులుసు, గోంగూర మాంసం, జుమా నాటి దాల్చా, ఇవన్నీ మనకు ఇంటి గడపలోనే అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహాలు. కానీ ఆ ఇంటి భోజనంలో వండినవారి స్థానం ఏమిటి?

మా మదరసాలో భోజన మర్యాదల పాఠం వచ్చినప్పుడు పిల్లలను ఒక ప్రశ్న అడుగుతూ ఉంటాము. నిన్న రాత్రి మీ ఇంట దస్తర్‌ఖ్వాన్ చుట్టూ ఎవరెవరు కూర్చున్నారు? అబ్బా, దాదా, అన్నయ్యలు, చెల్లి అంటూ పేర్లు గబగబా వస్తాయి. మరి అమ్మీ? అక్కడ తరగతి నిశ్శబ్దమవుతుంది. ‘అమ్మీ తరువాత తింటుంది హజ్రత్’ అంటాడు ఒకడు. ఎప్పుడు అని అడిగితే తెలియదు. ఒకసారి ఒక బాలిక చాలాసేపు ఆలోచించి, ‘రంజానులో ఇఫ్తార్‌కు మాతో కూర్చుంటుంది హజ్రత్’ అని జవాబిచ్చింది.

ఆ బాలిక తల్లి మీద ఫిర్యాదు చేయలేదు, తండ్రి మీదా చేయలేదు. చూసింది చెప్పింది. కానీ ఆ జవాబులో మనం వినవలసింది చాలా ఉంది. అమ్మీ తింటుండగా చూడడం ఏడాదికి ఒక్క నెల మాత్రమే సాధ్యమైన ఇల్లు అది. ఆ ఇంటి మగపిల్లవాడు రేపు భర్త అవుతాడు. ఆ బాలిక రేపు కోడలు అవుతుంది. ఎవరు ఎప్పుడు తినాలో వారికి ఏ గ్రంథమూ చెప్పనక్కరలేదు. రోజూ రాత్రి ఇంట్లో చూసినదే వారికి పాఠం.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు, ఒక్క మతస్థుల సంగతీ కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపించిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వాటి మీద వెచ్చించారు. అటువంటి పనుల్లో పాల్గొన్న పురుషులు వెచ్చించింది 97 నిమిషాలు. అంటే ఆమెది దాదాపు ఐదు గంటలు, అతనిది గంటన్నరకు కాస్త ఎక్కువ. ఇంకొక లెక్క కూడా చూడండి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అదే వయసు పురుషులలో అది 25 శాతం. ఆఖరున తినడమే దీనికంతటికీ కారణమని మేము అనము. స్త్రీ శరీర ధర్మం, కాన్పులు, ఇతర కారణాలు అనేకం ఉన్నాయి. కానీ కూరలో ముక్కలు, గుడ్డు, పెరుగు ఆఖరి పళ్ళేనికి ఎంత మిగులుతాయో ప్రతి ఇల్లాలికీ తెలుసు.

పొగకూ సెగకూ విలువ ఉంది

సేవకుడు మీకు భోజనం వండి తెచ్చినప్పుడు అతణ్ణి మీతో కూర్చోబెట్టుకోండి, అది కుదరకపోతే కనీసం ఒకటి రెండు ముద్దలైనా అతనికి అందించండి అని దైవప్రవక్త (స) బోధించారు. దానికి ఆయన చెప్పిన కారణం గమనించదగినది. ఆ వంట కోసం పొయ్యి సెగనూ పొగనూ భరించినవాడు అతడే. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఈ బోధ ఇంటి సేవకుని గురించినది. సేవకునికే ఇంత హక్కు ఉంటే, తల్లికి, భార్యకు, కోడలికి ఎంత ఉండాలి? ఇప్పుడు మన వంటిళ్ళలో కట్టెల పొగ తగ్గి ఉండవచ్చు, గ్యాసు పొయ్యి వచ్చి ఉండవచ్చు. మే నెలలో కృష్ణా జిల్లా ఉక్కపోతలో ఆ పొయ్యి ముందు గంటసేపు నిలబడినవారికి సెగ తగ్గలేదు.

ఇంటి భోజనాన్ని నిజంగా బర్కత్ ఉన్న భోజనంగా మార్చుకోవాలంటే పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. కొందరు సహాబీలు తాము తింటున్నా కడుపు నిండడం లేదని ప్రవక్త (స)తో మొరపెట్టుకున్నారు. మీరు విడివిడిగా తింటున్నారేమో అని ఆయన అడిగారు. అవునన్నారు. కలిసి కూర్చుని, అల్లాహ్ పేరు ఉచ్చరించి తినమని, అందులో శుభం ఉంటుందని ఆయన చెప్పారు. షిఫ్టు పనుల వల్ల, చదువుల వల్ల విడిగా తినక తప్పనివారికి దివ్యఖుర్ఆన్‌లోని నూర్ సూరా వెసులుబాటు ఇచ్చింది. కలిసి తిన్నా, విడిగా తిన్నా దోషం లేదని తెలిపింది. వెసులుబాటు అవసరానికి. ఒకే ఇంట, ఒకే వేళ, వండినవారిని మాత్రమే విడదీయడానికి కాదు.

అందుకు చేయవలసినది చిన్న మార్పు. అన్నం గిన్నె, కూరలు, మంచినీళ్ళ చెంబు, ఉప్పు, పచ్చడి అన్నీ ముందే దస్తర్‌ఖ్వాన్ మధ్యకు చేర్చాలి. అందరూ కూర్చున్న తరువాతనే బిస్మిల్లాహ్ అనాలి. మధ్యలో ఏదైనా కావలసివస్తే లేవవలసిన వంతు ఇంట్లో చురుకైన కాళ్ళున్న పిల్లలది. ఉమర్ బిన్ అబీ సలమా (రజి) ప్రవక్త (స) ఇంట పెరిగిన బాలుడు. భోజన వేళ అతని చెయ్యి పళ్ళెమంతా తిరుగుతుంటే, అల్లాహ్ పేరు తలచుకోమని, కుడిచేత్తో తినమని, తన ముందున్న భాగం నుంచే తినమని ప్రవక్త (స) నేర్పారు. పెద్దలూ పిల్లలూ ఒకే చోట కూర్చున్నందువల్లనే ఆ పాఠం సాధ్యమైంది. సెల్‌ఫోను పళ్ళెం పక్కన పెట్టుకుని ఎవరి మూల వారు తినే ఇంట ఇటువంటి పాఠానికి చోటెక్కడ?

మరొక సున్నత్ కూడా మన ఇళ్ళలో మరుగున పడింది. ప్రవక్త (స) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదు. ఇష్టమైతే తినేవారు, లేకపోతే విడిచిపెట్టేవారు. హోటల్లో ఉప్పు ఎక్కువైనా పైసలు చెల్లించి మౌనంగా వచ్చే మనిషి, ఇంట్లో పులుసు కాస్త పలచనైతే గొంతు పెంచుతాడు. బయటివారి ముందు చూపిన ఓర్పు ఇంటివారికి కూడా దక్కాలి కదా!

ఇక పురుషులు వంట చేయడం నామోషీ అనే మాట. వలీమా విందులో డేగీలు దింపే బావర్చీలు దాదాపు అందరూ మగవారే. వారి పనితనాన్ని మెచ్చుకుంటూ రెండవసారి వడ్డించుకునే మనం, సొంత ఇంట్లో ఒక పూట పప్పు పొయ్యి మీద పెట్టడానికి సిగ్గుపడతాము. ప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనుల్లో ఉండేవారని, నమాజు వేళ కాగానే మస్జిదుకు బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఇంతకు మించిన గౌరవం మనకు ఎక్కడి నుంచి రావాలి?

బయటి అన్నం నిన్నటిది కాదు

బయట అన్నం కొనుక్కోవడం ఈనాటి కొత్త పోకడ అనుకోవడం సరికాదు. తెలుగునాట పూటకూళ్ళ ఇళ్ళు శతాబ్దాలుగా ఉన్నాయి. ఓరుగల్లు నగర జీవితాన్ని చిత్రించిన ‘క్రీడాభిరామం’లో పూటకూటి ఇంటి ప్రస్తావన ఉంది. గురజాడ అప్పారావు 1897లో ప్రచురించిన ‘కన్యాశుల్కం’ నాటకంలో పూటకూళ్ళమ్మ ఒక పాత్ర. ఆమె వితంతువు. పరులకు వండిపెట్టి బ్రతికిన మనిషి. ఆ తరువాత మిలిటరీ హోటళ్ళు వచ్చాయి, మెస్సులు వచ్చాయి. కె.సి.పి. చక్కెర కర్మాగారం ఉన్న మన ఊళ్ళో చెరకు తోలుకొచ్చిన రైతుకు, షిఫ్టు దిగిన కార్మికునికి, బందరు బస్సు కోసం నిలిచిన ప్రయాణికునికి హోటలు విలాసం కాదు, అవసరం. ఇప్పటి కర్రీ పాయింట్లు కూడా ఆ వరుసలోనివే. ఇంట్లో అన్నం వండుకుని కూర మాత్రం బయట కొనుక్కునే ఈ పద్ధతి ఎందరో ఉద్యోగినులకు, బాలింతలకు, వయసు మళ్ళినవారికి ఊరట అయింది. వాటిలో అనేకం స్త్రీలే నడుపుకుంటున్నారు. వారు మన కాలపు పూటకూళ్ళమ్మలు.

కూర పొట్లం తెప్పించుకున్న కోడలిని సోమరి అనడం కొన్ని ఇళ్ళలో వింటూ ఉంటాము. అలా అనేవారు మన న్యాయశాస్త్ర గ్రంథాల్లోని నఫఖా అధ్యాయాన్ని ఒకసారి తెలుసుకోవాలి. భార్యను పోషించడం భర్త విధి అన్న చర్చలో మన పండితులు వంట ప్రశ్నను కూడా లేవనెత్తారు. భార్య ఇంటి పని చేయడం మంచి సంప్రదాయమని, కుటుంబ జీవితానికి అందమని చెప్పారు. అయితే ఆమె అనారోగ్యంతోనో మరో కారణంతోనో వండలేని స్థితిలో ఉన్నప్పుడు వండి సిద్ధమైన ఆహారం సమకూర్చడం భర్త బాధ్యత అని హనఫీ పండితులు స్పష్టం చేశారు. అంటే ఆమెకు జ్వరం వచ్చిన రోజు హోటలు నుంచి ఇడ్లీ తేవడం అతని దయ కాదు, అతని విధి.

బిల్లు చెల్లించే ముందు

బయటి భోజనానికి కొన్ని హద్దులు ఉన్నాయి. ‘బార్ అండ్ రెస్టారెంట్’ అనే బోర్డు ఉన్న చోటికి విశ్వాసి కుటుంబం వెళ్ళే ప్రసక్తే లేదు. మద్యం తిరిగే బల్ల దగ్గర కూర్చోరాదని ప్రవక్త (స) హెచ్చరించారు. మాంసం ఎక్కడి నుంచి వచ్చింది, జబహా ఎవరు చేశారు అని యజమానిని మర్యాదగా అడిగి తెలుసుకోవాలి. అది మన హక్కు. తృప్తికరమైన జవాబు రాకపోతే ఆ పూట పప్పు, కూరగాయలతో సరిపెట్టుకోవచ్చు.

ఆరోగ్యం కూడా అల్లాహ్ మన చేతిలో పెట్టిన అమానతే. మళ్ళీ మళ్ళీ కాచిన నూనె హాని చేస్తుంది. నూనె కాగేకొద్దీ అందులో పెరిగే చెడు పదార్థాలు 25 శాతం మించితే దానిని వంటకు వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 జూలై 1 నుంచి నియమం అమలు చేసింది. ఆ కొలత మన కంటికి అందదు. కానీ నల్లబడి, చిక్కబడి, నురగలు కక్కే నూనె మన కంటికి కనిపిస్తుంది. అటువంటి బాణలి ముందు నుంచి పిల్లలను పక్కకు తీసుకుపోవాలి.

హలాల్ విచారణ మాంసంతోనే ఆగిపోవడం మరొక లోపం. వండిన చేతిని గుర్తించాలని ఇంటి గురించి చెప్పుకున్నాము. హోటలుకూ అదే వర్తిస్తుంది. బల్ల తుడుస్తున్నది బడి ఈడు పిల్లవాడు అయితే మన నోటికి ముద్ద ఎలా దిగుతుంది? 14 ఏళ్ళలోపు పిల్లలను హోటళ్ళలో, దాబాలలో పనికి పెట్టడాన్ని 2006 అక్టోబరు 10 నుంచి చట్టం నిషేధించింది. అటువంటి చోట యజమానికి నచ్చజెప్పడం, వినకపోతే 1098 బాలల సహాయ నంబరుకు తెలియజేయడం మన బాధ్యత. వడ్డించే యువకుణ్ణి ‘ఏయ్’ అని పిలవకుండా ‘తమ్ముడూ’ అనడానికి పైసా ఖర్చు కాదు. పళ్ళెంలో సగం వదిలి లేవడం దుబారా. మిగిలినది పొట్లం కట్టించి తెచ్చుకోవడంలో చిన్నతనం లేదు.

స్త్రీలను హోటలుకు తీసుకువెళ్ళడం పర్దాకు భంగం అనే అభ్యంతరం కొందరిది. అది నిజాయితీతో చెప్పిన మాట అయితే దారులు ఉన్నాయి. రద్దీ లేని వేళను, కుటుంబాలకు వేరుగా చోటు ఉన్న హోటలును ఎంచుకోవచ్చు. లేదా పొట్లం కట్టించి ఇంటికి తెచ్చి, అందరూ కలిసి తినవచ్చు. పారసీక పొరుగువాని ఇంటికి ప్రవక్త (స) దంపతులు నడిచి వెళ్ళినప్పుడు పర్దాకూ సంతోషానికీ మధ్య విరోధం రాలేదు. ఆమె ఎన్నడూ బయట తినరాదు, అతడు ఎప్పుడైనా తినవచ్చు అని ఏర్పాటు చేసుకుంటే అది పర్దా కాదు, ఒకరి సౌలభ్యం మాత్రమే.

ఖర్చు ప్రశ్న కూడా ఉంది. రోజు కూలి మీద బ్రతికే ఇంటికి హోటలు పెద్ద మాట. అప్పు చేసి, గొప్ప కోసం బయట తినమని మేము ఎవరికీ చెప్పము. ఒక్కరి బిర్యానీకి సరిపడే డబ్బు మాత్రమే చేతిలో ఉంటే, దానితో చికెన్ కొని ఇంటికి తెచ్చి, పులుసులో మరికాస్త నీళ్ళు పోస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. కూర వండినప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి కూడా పంపమని ప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ (రజి)కి చేసిన ఉపదేశం పేదవారికి కూడా ఆతిథ్యం అందుబాటులోకి తెచ్చింది.

పాఠక సోదరులారా! ఈ నెలలో ఒక రాత్రి ఎంచుకోండి. స్తోమత ఉంటే, వండే చేతికి విశ్రాంతి ఇచ్చి కుటుంబమంతా మంచి హలాల్ హోటలుకు వెళ్ళండి. ఎక్కడికి వెళ్ళాలో, ఏం తెప్పించాలో ఆమెనే చెప్పనివ్వండి. స్తోమత లేకపోతే ఆ పూట మీరు, మీ కొడుకులు వంటింట్లోకి వెళ్ళండి. అన్నం కాస్త మెత్తబడినా పరవాలేదు. ఆమెను ముందు కూర్చోబెట్టి మీరు వడ్డించండి. మిగతా ఇరవై తొమ్మిది రాత్రులు ఆమె కూర్చోకుండా బిస్మిల్లాహ్ అనకండి.

హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడి ఉన్నప్పుడు ప్రవక్త (స) పరామర్శకు వెళ్ళి, అల్లాహ్ ప్రసన్నత కోరి చేసే ప్రతి ఖర్చుకూ పుణ్యం ఉందని, భార్య నోటికి అందించే ముద్దకు సైతం ఉందని తెలియజేశారు. ఆ ముద్ద ఇంట్లో వండినదా, బయట కొన్నదా అన్న వివరం ఆ హదీసులో లేదు. అది ఎవరి నోటికి చేరిందన్నది మాత్రం ఉంది.